పాత కారు కొనేముందు
(విశ్రాంత ఉద్యోగుల అమరాపురం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కారు ఒకటి కొని బాగుచేయించుకోవాలంటే దేన్ని ఎంచుకోవాలి, పింఛనుదారుకు అందుబాటులో ఉండేది ఏది అన్న విషయంపై మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. మన సభ్యుల్లో ముగ్గురు నలుగురు ఇదే ఆలోచనలో ఉన్నారట. నేను బస్సు డిపో వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి కనుక ఇంజన్ల మంచిచెడ్డలు కొంత తెలుసు. తెలిసినంతవరకు చెబుతాను.

ముందుగా ఒక మాట. ఈ కోరికను ఎవరూ తేలిగ్గా చూడవద్దని ఇంట్లోవారికి మనవి. ముప్ఫై ఏళ్ళు ఆఫీసు జీపు వెనుక సీట్లో కూర్చున్నవాడికి, దొరగారి అంబాసిడర్‌ను దూరం నుంచి చూసినవాడికి అలాంటి బండి ఒకటి తనదై ఉండాలని అనిపించడం సహజం. అయితే కోరిక ఎంత న్యాయమైనదైనా, దానికి పెట్టే డబ్బు రిటైరైన రోజున చేతికొచ్చిన డబ్బు. అది మళ్ళీ రాదు. అందుకే ఈ ఎంపికలో మనసు కంటే లెక్క ముందుండాలి.

అమెరికాలో 1964లో పాంటియాక్ జీటీఓ అనే కారు వచ్చింది. మామూలు కారు ఒంట్లో పెద్ద ఇంజను బిగించిన రకం. అలాంటివాటిని కండల కార్లు, అంటే మజిల్ కార్లు అన్నారు. అవి పాతబడిన కొద్దీ ధర పెరిగింది. పేరున్న మస్టాంగ్, కమారోలను అందుకోలేనివారు ఏం చేస్తారంటే, అదే కాలపు నోవా, డస్టర్ వంటి సాదా రూపం కార్లను వెతుకుతారు. లోపలి ఇంజను దాదాపు అదే, పైరూపం మాత్రం నిరాడంబరం. ఈ కిటుకు మనకూ పనికొస్తుంది.

మన దేశంలో ఆ రూపానికి దగ్గరగా వచ్చింది హిందుస్థాన్ కాంటెస్సా. 1984లో వచ్చి 2002 వరకు తయారైంది. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ కారు దాని మూలం. పొడవైన ముక్కు, వెడల్పైన ఒళ్ళు, చూడగానే దర్పం. మొదట్లో దానికి అంబాసిడర్‌కున్న 1489 సీసీ ఇంజనే పెట్టారు. ఆ ఒంటికి అది చాలలేదు. తరువాత జపాను ఇసుజు వారి 1800 సీసీ ఇంజను పెట్టాక బండికి ప్రాణం వచ్చింది. ఈనాడు యువకులు కాంటెస్సా అంటే ఎగబడుతున్నారు. అందుకే ధర పెరిగింది. ఇంజను సామాను ఎలాగో దొరుకుతుంది గాని ముందు అద్దం, లైట్లు, బంపరు, తలుపు బీడింగులు దొరకడం కష్టం. ఒక్క అద్దం కోసం ఆరునెలలు బండి షెడ్డులో పడి ఉండవచ్చు.

అదే ఇసుజు ఇంజను 1992 నుంచి అంబాసిడర్‌లోనూ వచ్చింది. మన నోవా, మన డస్టర్ ఇదే! అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. అన్నేళ్ళు నడిచిన బండికి సామాను లేని ఊరుండదు. బెంగళూరు జె.సి. రోడ్డులో కొత్తది, శివాజీనగర్ గుజరీలో పాతది, చెన్నై పుదుపేటలో మిగిలినది. హిందూపురంలో పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. కళ్ళు మూసుకుని విప్పి బిగించగలరు.

రెండవది ప్రీమియర్ పద్మిని. మనం ఫియట్ అనే పిలుచుకున్నాం. బొంబాయి కుర్లాలో తయారైంది. 1974లో పద్మిని పేరు వచ్చింది. ఇంజను 1089 సీసీ. చిన్నది, తేలికైనది, సందుల్లో తిరుగుతుంది. పాత రకాల్లో గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి అంబాసిడర్ కంటే దీని క్లచ్చి సులువు. ఇద్దరే ఉండే ఇంటికి నా ఓటు దీనికే.

మద్రాసులో 1960లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అందమైన బండి. ముందు మూత మొత్తం ఎత్తితే ఇంజను చుట్టూ నిలబడి పనిచేయవచ్చు. కాని సామాను బాగా తగ్గిపోయింది. మనసుపడ్డవారికి తప్ప చెప్పను. జీపు సంగతి వేరు. దానికి విడి చాసిస్ ఉంటుంది, రేకు పని సులువు, ఎర్రమట్టి దారికి సరిపోతుంది. కాని మన శాఖ పాత జీపును వేలంలో పాడుకుందాం అనుకునేవారు ఆ ఆశ వదులుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను ఉండదు. వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి పంపాలి.

ఇక ఎంచే పద్ధతి. మూడు విషయాలు ఈ వరుసలోనే చూడాలి: కాగితం, రేకు, ఇంజను. చాలామంది తలకిందులుగా చూస్తారు. ముందు ఇంజను శబ్దం విని మురిసిపోతారు. ఇంజను చెడితే బాగుచేయవచ్చు. రేకు చెడితే డబ్బు తింటుంది. కాగితం లేకపోతే అసలు బండే మనది కాదు.

కాగితం గురించి మన అమరాపురంవారికి ప్రత్యేకంగా చెప్పాలి. మనం సరిహద్దులో ఉన్నాం. శిర, పావగడ, మధుగిరి మనకు పక్కూళ్ళ లెక్క. చవక బండి అంటే కర్ణాటక బండే వస్తుంది. దాన్ని ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. మన రాష్ట్రంలో పన్ను కట్టాలి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. "ఆర్.సి. తరువాత ఇస్తాలే స్వామీ" అనేవాడి దగ్గర ఒక్క రూపాయి బయానా ఇవ్వవద్దు. చాసిస్ మీది నంబరు, ఇంజను మీది నంబరు పుస్తకంలోని నంబర్లతో మీరే స్వయంగా సరిచూడండి. పాత పుస్తకం ఉన్న బండి వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయా లేదా రవాణా కార్యాలయంలో విచారించండి.

పదిహేనేళ్ళు దాటితే బండి నడపరాదని కొందరు భయపెడుతున్నారు. అది ఢిల్లీ ప్రాంతానికి వచ్చిన ఆదేశాల మాట. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ళ తరువాత తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవచ్చు. రుసుము మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 రూపాయలు. 2025 ఆగస్టు ఉత్తర్వుతో ఇరవై ఏళ్ళు దాటిన కారుకు 10,000. మన లెక్కలో ఇది ముందే రాసుకోవాలి. యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడని బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషను అని వేరే పెట్టారు. కొత్తగా అయితే 20,000 రుసుము, పదేళ్ళ గడువు. పాత నంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు. అయితే అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకే గాని రోజూ సంతకు తీసుకుపోవడానికి వీల్లేదు.

రెండవది రేకు. ఇక్కడ మన ఊరి అదృష్టం ఒకటుంది. మన ఎండ, మన కరవు మనుషులకు కష్టమే గాని రేకుకు మేలు. వానలు తక్కువ, ఉప్పుగాలి లేదు. మంగళూరు, చెన్నై వంటి సముద్రపు ఊళ్ళ బండి పైకి మెరిసినా లోపల తుప్పు తినేసి ఉంటుంది. అనంతపురం, తుమకూరు వైపు తిరిగిన బండికి రంగు వెలిసి, రబ్బరు పగిలి ఉంటుంది. రబ్బరు మార్చుకోవడం చవక. కాబట్టి రంగు వెలిసిన మన మెట్ట బండే మేలు.

అంబాసిడర్‌కు, పద్మినికి విడిగా చాసిస్ లేదు. ఒళ్ళే చాసిస్. అందువల్ల నేల రేకు, తలుపుల కింది పట్టీలు తుప్పుపట్టాయంటే బండి నడుము విరిగినట్టే. చేతిలో చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. ఒళ్ళంతా తాకించండి. ఎక్కడ అంటుకోదో అక్కడ రంగు కింద లప్పం ఉంది. కాళ్ళ కింది చాప ఎత్తి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి. నాలుగు తలుపులూ వేసి తీయండి. తలుపు కిందికి జారుతుంటే కీలు అరిగి ఉండవచ్చు, ఒళ్ళు వంగి ఉండవచ్చు. మేస్త్రీకి చూపించకుండా ధర మాట్లాడవద్దు.

మూడవది ఇంజను. పొద్దున చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. ముందే వేడి చేసి పెట్టినవాడు ఏదో దాస్తున్నాడని అనుకోండి. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోంది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే లోపలికి నీళ్ళు పోతున్నాయి. ఆయిలు మూత తీసి చూస్తే పాలమీగడలా ఉన్నా అదే జబ్బు.

పాత ఇంజన్లకు ఈనాటి పెట్రోలు ఒక చిక్కు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసం లేనందువల్ల పాత ఇంజన్ల వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించండి. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. అది పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను చెడగొడుతుంది, తేమను పీలుస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి. నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు నిండా పెట్రోలు ఉంచవద్దు.

పనుల వరుస కూడా ముఖ్యమే. ముందు బ్రేకులు, స్టీరింగు, టైర్లు. తరువాత వైరింగు, పెట్రోలు గొట్టాలు. ఆపై ఇంజను. ఆపై రేకు. రంగు చిట్టచివర. ముందే రంగు వేయిస్తే మేస్త్రీల చేతుల్లో అది పాడై మళ్ళీ వేయించాలి. సీటు బెల్టులు తప్పక పెట్టించండి. పాతదన్న అందం తగ్గుతుందనవద్దు, మనవళ్ళు కూర్చుంటారు.

డబ్బు లెక్క. నేను చూసినంతలో కొన్న ధరకు ఒకటిన్నర, రెండింతలు బాగుచేతకు అవుతుంది. కాబట్టి చేతిలో మూడు రూపాయలుంటే రూపాయికి మించి బండి కొనవద్దు. ఆ మూడు రూపాయలూ వైద్యానికి దాచింది కాకూడదు, పింఛను కమ్యుటేషను డబ్బు కాకూడదు, అప్పు అసలే కాకూడదు. రాత్రివేళ గుండెనొప్పి వస్తే మనం హిందూపురమో బెంగళూరో పరుగెత్తవలసినవాళ్ళం. ఆనాడు బ్యాంకులో డబ్బు ఉండాలి, షెడ్డులో విప్పిన ఇంజను కాదు. ఇంత పెట్టలేం అనుకునేవారికి మైసూరులో 1996 వరకు తయారైన ఎజ్డీ మోటారు సైకిలు ఉంది. ఆ ముచ్చట అందులోనూ తీరుతుంది.

చివరగా ఇంట్లోవారి మాట. పింఛను పుస్తకంలో నామినీ పేరు రాసినట్టే 2021 నుంచి బండి రిజిస్ట్రేషనులోనూ నామినీ పేరు రాయించవచ్చు. రాయించండి. యజమాని పోతే ముప్ఫై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి, మూడు నెలల్లో వారసుల పేరుకు దరఖాస్తు పెట్టాలి. ఇది చెప్పేవారు లేక మంచి బండ్లు ఎన్నో పెరట్లో కోళ్ళ గూళ్ళయ్యాయి. బండి ఎక్కడ కొన్నారో, ఏ సామాను ఎప్పుడు మార్చారో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. ఆఫీసులో ఫైలు నడిపిన చేతులకు అదేమంత కష్టం కాదు.

బండి చూడబోయే రోజు ఒంటరిగా వెళ్ళకండి. ఒక మేస్త్రీని, ఇంట్లో లెక్క తెలిసినవారిని వెంటబెట్టుకు వెళ్ళండి. చాలా ఇళ్ళలో ఆ లెక్క తెలిసినది మన ఇల్లాలే. ఆమె సరేనన్న బండి కొనండి.