మహూకి నమస్కారం
(మహూలోని తెలుగు కుటుంబాల ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు మాటలు చెప్పమన్నారు. వచ్చే గురువారం మా సామాన్ల లారీ శ్రీకాకుళం బయల్దేరుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో తొమ్మిది స్టేషన్లు మారాను. ఏ ఊరికీ వెళ్ళొస్తానని చెప్పింది లేదు. మూవ్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చేది, నల్ల ట్రంకు పెట్టెల మీద పాత యూనిట్ పేరు చెరిపి కొత్తది తెల్లరంగుతో రాసుకునేవాళ్ళం. అంతే. బడాఖానా యూనిట్ పెడుతుంది గాని ఊరు పెట్టదు గదా!

మహూ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? కంటోన్మెంటు 1818 నాటిది. ‘మిలిటరీ హెడ్‌క్వార్టర్స్ ఆఫ్ వార్’ అన్న మాటలకి పొడి అక్షరాలే మహూ అని కొత్త కుర్రాళ్ళకి చెప్తుంటారు, అది తర్వాత ఎవరో అల్లింది, నమ్మకండి. 1891 ఏప్రిల్ 14న అంబేద్కర్ గారు పుట్టింది ఇక్కడే. వారి తండ్రి రామ్‌జీ సక్పాల్ గారు సైన్యంలో సుబేదారు. నేనూ సుబేదారుగానే రిటైరయ్యాను కాబట్టి ఈ ముక్క ఎక్కడ పడితే అక్కడ చెప్పుకుంటాను. 2003లో ఊరి పేరు డాక్టర్ అంబేద్కర్ నగర్ అయింది. మన నోట్లో మాత్రం మహూయే.

నేను మొదట వచ్చింది 1996లో, సిగ్నల్స్ కోర్సుకి. కాచిగూడలో మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది మీటరు గేజి మీద అకోలా, ఖాండ్వా దాటి, ఘాట్ ఎక్కి, పాతాళ్‌పానీ జలపాతం పక్క నుంచి తెచ్చి ఇక్కడ దింపేది. తర్వాత 2011లో పోస్టింగు వచ్చింది. అప్పుడు మా అమ్మని కూడా తెచ్చుకున్నాను. ఆవిడకి హిందీ ముక్క రాదు. వారం తిరక్కుండానే తిరిగి పంపించమంటుందనుకున్నాను. నెల తిరిగేసరికి చేపల బజారులో ఒకాయనతో తెలుగులోనే బేరమాడుతోంది. ఆయన హిందీలో జవాబు. ప్రతిసారీ రెండు రూపాయలు తగ్గించుకునే వచ్చేది. “నీళ్ళు సప్పగున్నాయి గాని, మనుసులు మంచోళ్ళేరా ఒరే” అనేది.

2013లో నేను లేహ్ వెళ్ళాను, కుటుంబం ఇక్కడే అద్దె ఇంట్లో ఉండిపోయింది. 2014 జనవరిలో ఒక తెల్లవారుజామున అమ్మ పోయింది. నాకు ఫోను అందింది గాని మంచు వల్ల లేహ్‌లో విమానం రెండు రోజులు లేవలేదు. మార్చురీకి పంపుదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదట, అత్తయ్యని ఒక్కదాన్నీ అక్కడ పెట్టను అందట. అప్పుడు చేపలాయన రిక్షాలో ఐసు దిమ్మలు వేసుకొచ్చాడు. రెండు రోజులూ పూటపూటా తెచ్చి, పొట్టు పోసి, తనే సర్దాడు. పక్కింటి మరాఠీ ఆవిడ రాత్రిళ్ళు మా ఆవిడ పక్కనే కూర్చుంది. పిల్లలకి ఎవరు అన్నం పెట్టారో ఇప్పటికీ పూర్తిగా తెలీదు. మూడో రోజు మధ్యాహ్నం నేను వచ్చేసరికి వీధిలో మగవాళ్ళంతా తువ్వాళ్ళు వేసుకుని తయారుగా ఉన్నారు. పాడె కట్టింది వాళ్ళే.

అస్థికలు ఓంకారేశ్వర్‌లో నర్మదలో కలిపాను. ఇదే మీటరు గేజి బండిలో, ఒళ్ళో చెంబు పెట్టుకుని, నేను కుర్రాడిగా ఎక్కి వచ్చిన ఘాట్ దిగుతూ వెళ్ళాను. కాలాకుండ్ స్టేషన్లో ఆకుల్లో కలాకండ్ అమ్మేవారు కదా, తోడొచ్చిన పక్కింటాయన కొని నా చేతిలో పెట్టాడు. రెండు రోజులై ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. 2023లో ఆ లైను బ్రాడ్ గేజికి మార్చడానికి మూసేశారు. దాని గురించి చదివినప్పుడు నాకు చెంబే గుర్తొచ్చింది.

ఇక అసలు మాట. ఐసు డబ్బులు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. “అమ్మాజీ వారం వారం రెండు రూపాయలు కోసుకునేది, ఆ లెక్కలో రాసుకుంటాను పొండి” అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, థాంక్స్ కూడా చెప్పలేదు. సెలవు అయిపోయింది, లేహ్ వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక సిగ్గు. ఇన్నేళ్ళూ ఆయన దగ్గరే చేపలు కొన్నాను, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. ఆలస్యమైనకొద్దీ అలాంటి మాట నోట్లోంచి రాదు.

నిన్న ధైర్యం చేసి వెళ్ళాను. కొట్లో కొడుకు కూర్చున్నాడు. నాన్న ఊరెళ్ళాడట, బుధవారం వస్తాడట. మా లారీ గురువారం. బుధవారం పొద్దున్నే వెళ్తాను. ఇరవై ఎనిమిదేళ్ళు హిందీలో ఆర్డర్లిచ్చినవాణ్ణి, ఈ రెండు వాక్యాలు మా అమ్మాయి చేత కాగితం మీద రాయించుకున్నాను. ఇదిగో, జేబులోనే ఉంది.

మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.