బాలింత గుండె దడ: ముందుగా చెప్పవలసిన ఒక్క మాట

బిడ్డ పుట్టిన ఇంట్లో అందరి ధ్యాసా బిడ్డ మీదే ఉంటుంది. బరువు పెరిగిందా, పాలు తాగిందా, కామెర్లు తగ్గాయా అని అడుగుతాం. తల్లి సంగతి ఆరో వారం చెకప్ దాకా ఎవరికీ గుర్తు రాదు. ఇవాళ ఆ తల్లి గుండె గురించి నాలుగు మాటలు చెబుతాను. నేను డాక్టర్ని కాను. న్యూజెర్సీలో ఇద్దరు పిల్లల్ని కన్న తల్లిని. రెండో కాన్పు తరువాత ఈ దడ నాకూ వచ్చింది. అప్పుడు తెలుసుకున్నవీ, తరువాత చదువుకున్నవీ మీతో పంచుకుంటున్నాను.

ముందు ధైర్యం చెప్పే మాట. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40, 50 శాతం దాకా పెరుగుతుంది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. కాన్పు కాగానే ఇదంతా ఒక్క రోజులో సర్దుకోదు, వారాలు పడుతుంది. దానికి తోడు రక్తం పోయి నీరసించినా, జ్వరం వచ్చినా, కుట్లు నొప్పి పెట్టినా, నిద్ర లేకపోయినా, ఒంట్లో నీళ్ళు చాలకపోయినా గుండె వేగం పెరుగుతుంది. బాలింతకి నీళ్ళు కొలిచి ఇచ్చే అలవాటు మనవాళ్ళలో కొందరికి ఇంకా ఉంది. అమ్మమ్మలూ, నాన్నమ్మలూ, మీ పథ్యం మీరు పెట్టండి, వెల్లుల్లి కారం పెట్టండి, కాదనను. కానీ పాలిచ్చే పిల్లకి దాహమేస్తే నీళ్ళు మాత్రం ఆపకండి.

అయితే, "బాలింతలకి దడ మామూలేనమ్మా" అని ప్రతిసారీ కొట్టి పారెయ్యటానికి లేదు. కొద్దిమందిలో కాన్పుకి కాస్త ముందో, ఆ తరువాతి నెలల్లోనో గుండె కండరమే బలహీనపడుతుంది. దీన్ని పెరిపార్టమ్ కార్డియోమయోపతీ అంటారు. 1971లో షికాగో కుక్ కౌంటీ హాస్పిటల్ డాక్టర్లు 27 మంది తల్లుల వివరాలు ప్రచురించారు. వాళ్ళలో 14 మందికి ఆరు నెలల్లో గుండె మామూలు సైజుకి వచ్చింది. ఇప్పటి మందులతో పరిస్థితి ఇంకా మెరుగు. 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 100 మంది తల్లులని ఏడాది పాటు గమనిస్తే, 70 శాతం పైన మళ్ళీ కోలుకున్నారు. 13 మందికి మాత్రం పరిస్థితి విషమించింది, లేదా గుండె బాగా బలహీనంగానే ఉండిపోయింది. అంటే త్వరగా కనిపెడితే ఎక్కువమంది బాగుపడే జబ్బిది. కనిపెట్టకపోతేనే ప్రమాదం. కాలిఫోర్నియాలో 2002 నుంచి 2006 దాకా గర్భం, కాన్పుల కారణంగా చనిపోయిన 257 మంది తల్లుల వివరాలు పరిశీలిస్తే, 64 మంది గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయారని తేలింది. అందులో 42 మందిది గుండె కండరం జబ్బే.

చిక్కేమిటంటే, ఆయాసం, నీరసం, కాళ్ళ వాపు మామూలు బాలింతకీ ఉంటాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది? దడ ఒక్కటే వచ్చిందా, వెంట ఎవరినైనా తీసుకొచ్చిందా అని చూడాలి. ఆ పరిశీలన తరువాత కాలిఫోర్నియా వైద్యులు 2017లో కొన్ని గుర్తులు రాసిపెట్టారు. కదలకుండా కూర్చున్నా గుండె నిమిషానికి 120, ఆ పైన కొట్టుకోవటం. కూర్చున్నా ఊపిరి అందకపోవటం. నాలుగు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గాని పడుకోలేకపోవటం. బీ.పీ. పై అంకె 160, ఆ పైన ఉండటం. ఆక్సిజన్ 94 లేదా అంతకంటే తక్కువ ఉండటం. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పటం, ఊపిరి ఆడకపోవటం అయితే 911 పిలవండి. 110 దాటి వేగం అలాగే ఉండిపోతే, లేదా దడతో పాటు పడుకుంటే దగ్గు, ఉన్నట్టుండి బరువు, వాపు పెరగటం ఉంటే ఆరో వారం దాకా ఆగకుండా ఫోను చెయ్యండి.

ఇక పరీక్షల సంగతి. 2021 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన ఫెడరల్ నిబంధన వల్ల చాలా రిపోర్టులు డాక్టరు చూడకముందే మన ఫోనులోకి వచ్చేస్తున్నాయి. అర్ధరాత్రి పాలిస్తూ, ఒంటిచేత్తో ఆ ఇంగ్లీషు చదువుకుంటే లేని దడ కూడా వస్తుంది. అందుకని రెండు మూడు మాటలు తెలిసి ఉండటం మంచిది. ఈ.కే.జీ. మీద "సైనస్ టాకీకార్డియా" అని ఉంటే, గుండె తన సహజమైన పద్ధతిలోనే కొట్టుకుంటోంది, కాకపోతే వేగంగా, అని అర్థం. అది జబ్బు పేరు కాదు. వేగానికి కారణమేమిటో వెతకమని చెప్పే గుర్తు. ఎకో రిపోర్టులో "ట్రేస్ రిగర్జిటేషన్" అంటే కవాటం దగ్గర రక్తం చిటికెడు వెనక్కి వస్తోందని. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమందిలో అది కనిపిస్తుంది. డీ-డైమర్ అనే రక్త పరీక్ష అయితే గర్భంతోనూ, కాన్పు తరువాతా ఎలాగూ పెరిగే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎజెక్షన్ ఫ్రాక్షన్. నా రిపోర్టులో 60 అని ఉంటే మా అమ్మ "నూటికి అరవయ్యేనా!" అని బెంగపెట్టుకుంది. అవి ఎంసెట్ మార్కులు కావు. గుండె తనలో నిండిన రక్తంలో ఎంత శాతం ఒక్క దెబ్బకి బయటికి నెడుతోందో చెప్పే లెక్క. 55 నుంచి 70 దాకా మామూలే. ఇందాక చెప్పిన జబ్బులో అది 45 కన్నా తగ్గుతుంది.

మరి నా దడకి కారణమేమిటి? బాబుకి పదో వారం. ఊరికే పడుకున్నా 115. ఫోనులో మాట్లాడిన నర్సు "కొత్త తల్లులందరికీ ఇంతే, ఆందోళన పడకండి" అంది. మళ్ళీ ఫోను చేసి, డాక్టరుతోనే మాట్లాడాను. ఎకో బాగుంది, కానీ రక్త పరీక్షలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. కాన్పు తరువాత కొందరికి వచ్చే థైరాయిడ్ వాపు అది. కొన్ని వారాలు మందు వాడాక దడ తగ్గింది. గుండె జబ్బు కాదు, అలాగని నా భ్రమా కాదు. అందుకే ఎకో బాగుంటే అక్కడితో ఆగకుండా, హీమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూశారా అని అడగండి.

అడగటం ఎంత అవసరమో సెరీనా విలియమ్స్ విషయంలో లోకమంతా చూసింది. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఆమెకి ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు అంతకు ముందే ఒకసారి వచ్చినందువల్ల, సీ.టీ. స్కాన్ తియ్యమని ఆమే అడిగింది. ముందు కాళ్ళకి అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ కనపడలేదు. తరువాత స్కాన్ తీస్తే గడ్డలు కనిపించాయి. అంత పేరున్న మనిషే పట్టుబట్టి అడగవలసి వచ్చిందంటే, మొహమాటంతో నోరు కట్టేసుకునే మన ఆడపిల్లల మాటేమిటి?

కాబట్టి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎమర్జెన్సీకి వెళ్ళినా, అర్జెంట్ కేర్‌కి వెళ్ళినా, ఫోను చేసినా, పేరు చెప్పగానే చెప్పవలసింది "నాకు కాన్పై ఇన్ని వారాలైంది" అని. పాప పక్కన లేకపోతే మీరు బాలింత అని వాళ్ళకి తెలియదు. 2020లో మొదలైన సీ.డీ.సీ. వారి "హియర్ హర్" ప్రచారం కూడా ఏడాది దాకా ఈ మాట చెప్పమంటోంది. ఆ తరువాత "ఇది గుండె సమస్య కాదని ఎలా చెప్పగలుగుతున్నారు? ఎకో అవసరమా?" అని అడగండి. మీకు ఓపిక లేకపోతే మీ ఆయన అడగాలి. బాబూ, కారు పార్కు చేసి వచ్చి మౌనంగా కూర్చోకండి. వారాలు, అంకెలు, మందుల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

ఒకవేళ గుండె కండరం జబ్బే అని తేలితే కంగారుపడి పాలు మాన్పించకండి. పాలిస్తూ వాడదగ్గ గుండె మందులు ఉన్నాయి, డాక్టర్ని అడగండి. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే మాత్రం, పూర్తిగా కోలుకున్నా సరే, ముందు గుండె డాక్టరుతో మాట్లాడాలి. "ఇంకొకరు ఎప్పుడు?" అని అడిగే పెద్దలు ఇది తెలుసుకోవాలి.

పరీక్షలన్నీ బాగున్నా భయం పోకపోతే, దానికీ సాయం ఉంది. 1-833-852-6262 తల్లుల మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. ఏ వేళైనా పలుకుతారు, దుబాసీ కావాలన్నా ఏర్పాటు చేస్తారు.

ఈ వారం బాలింత ఉన్న ఇంటికి ఫోను చేస్తే, పాప ఎలా ఉందని అడిగాక, "నువ్వెలా ఉన్నావమ్మా, పడుకుంటే ఊపిరి ఆడుతోందా?" అని కూడా అడగండి. సెలవు.