కాలిబంతి పోటీలు – కుండలోని చీట్లు



అన్నదమ్ములు వేరుపడునప్పుడు పాళ్లు సరిసమానముగా చేసి, చీట్లు వ్రాసి, ఏమియు నెరుగని పసివానిచేత ఒక్కొక్కటిగా తీయించుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. గ్రామపంచాయతీ ఎన్నికలలో ఇద్దరికి ఓట్లు సమానముగా వచ్చినయెడల నేటికిని చీటియే తీర్పు చెప్పుచున్నది. చీటికి పక్షపాతము లేదు; అందుకే దానిని అందరును నమ్ముదురు. ఆ చీటిని ఆసరాగా గొని ఆటల గెలుపోటములనుగూర్చి ఏమి తెలిసికొనవచ్చునో నేడు మీకు విన్నవింపదలచితిని.

ఇది వినోదమునకై మాత్రమే చెప్పు మాట కాదు. మన యూళ్లలో ఆట, మైదానములోనే ముగియదు. ఓడిన పిల్లవానిని నెలల తరబడి దెప్పుదురు. ఒక యూరివారు మరియొక యూరివారిని చులకన చేయుదురు. మాటకు మాట పెరిగి తగవగును. ఆ తగవు తీర్చుటకు తుదకు మీవంటి పెద్దలే రచ్చకట్టపై కూర్చుండవలసి వచ్చును. కావున ఒక గెలుపు దేనికి సాక్ష్యము, దేనికి కాదు అను విషయము మీరు విచారింపదగినదే.

2022వ సంవత్సరమున ఏర్పడిన మన నంద్యాల జిల్లాలో ఎనిమిది ఊళ్ల జట్లు కాలిబంతి పోటీకి దిగినవని ఊహింపుడు: నంద్యాల, పాణ్యం, కోయిలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డ, డోన్, ఆత్మకూరు, నందికొట్కూరు. ఓడిన జట్టు ఇంటికి పోవును. గెలిచినది ముందుకు సాగును. మొత్తము ఏడు ఆటలతో విజేత తేలును. ఈ జట్లలో ఆళ్లగడ్డ మేటి అనియు, ఎవరితో ఆడినను నూరింట 60 ఆటలు అదియే గెలుచుననియు, తక్కిన ఏడును తమలో తాము సమానమనియు పెట్టుకొందము.

ఇప్పుడు ఒక కుండ తెచ్చి, 0 మొదలు 9 వరకు అంకెలు వ్రాసిన పది చీట్లు అందులో వేయవలెను. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క చీటి తీసి, చూచి, మరల కుండలో వేసి కలుపవలెను. సమానుల ఆటలో 0 మొదలు 4 వరకు వచ్చిన మొదటి జట్టుది గెలుపు; 5 మొదలు 9 వరకు వచ్చిన రెండవదానిది. ఆళ్లగడ్డ ఆడునప్పుడు మాత్రము 0 మొదలు 5 వరకు ఆరు అంకెలు దానివి. మిగిలిన నాలుగు ఎదుటివారివి.

నేనిట్లు ఒకమారు తీసితిని. నంద్యాల, పాణ్యములకు 3 వచ్చెను, నంద్యాల గెలిచెను. కోయిలకుంట్ల, బనగానపల్లెలకు 8, బనగానపల్లె గెలిచెను. ఆళ్లగడ్డ, డోనులకు 2, ఆళ్లగడ్డ. ఆత్మకూరు, నందికొట్కూరులకు 5, నందికొట్కూరు. పిదప 1 వచ్చి నంద్యాల బనగానపల్లెను, 4 వచ్చి ఆళ్లగడ్డ నందికొట్కూరును ఓడించినవి. తుదిపోటీలో 7 వచ్చెను. నంద్యాల విజేత!

ఆళ్లగడ్డ మేటి జట్టని మనమే నిర్ణయించి, ఆరు పాళ్లు దానికే యిచ్చితిమి గదా! అయినను ఓడెను. దాని ఆటగాండ్రు సోమరులా? నాయకుడు అసమర్థుడా? కుండలో ఆటగాడే లేడు. ఉన్నది చీటి మాత్రమే.

ఇది అరుదైన వింతయని తలంపవలదు. వరుసగా మూడు ఆటలు గెలిచిననే బహుమానము. నూటికి 60 చొప్పున మూడుమార్లు హెచ్చించినచో వెయ్యింట 216 వచ్చును. అనగా ఇట్టి పోటీలు వెయ్యి జరిపినచో మేటి జట్టు సుమారు 216 మార్లు గెలుచును. 784 మార్లు మరియొకరు బహుమానము పట్టుకొని పోవుదురు. అట్లని సాధన వ్యర్థము కాదు. ఆ 784ను ఏడు జట్లు పంచుకొనగా ఒక్కొక్కదానికి సగటున 112 మాత్రమే. ఆళ్లగడ్డ పాలు దానికి ఇంచుమించు రెండింతలు.

ఈ చీట్ల పద్ధతిని పండితులును పాటించిరి. 1927లో టిప్పెట్ అను ఆంగ్లేయుడు జనాభా లెక్కల పుస్తకములనుండి 41,600 అంకెలు తీసి, వరుసకు లొంగని అంకెల పట్టికగా ప్రకటించెను. అది చీట్లకుండకు బదులు పనిచేయును. 1946లో స్టానిస్లా ఊలమ్ అను గణితజ్ఞుడు జబ్బునుండి కోలుకొనుచు ఒంటరిగా పేకలాడుచు, ఈ ఆట ఎన్నిమార్లకు ఒకమారు పండునో లెక్కగట్ట ప్రయత్నించి విసిగి, నూరుమార్లు ఆడి పండినవానిని ఎంచుకొనుట సులభము గదా అని తలంచెను. ఆ తలంపే మాంటే కార్లో పద్ధతియను పేర అణుశాస్త్రమునకు ఉపకరించెను. బళ్లారి ప్రాంతపు హూవిన హడగళిలో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, 2023లో దివంగతులైన మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఈ శాస్త్రమున లోకప్రసిద్ధులు. మన పురాణములలో ఋతుపర్ణుడు చెట్టుకొమ్మల ఆకులను, కాయలను నిలువకయే లెక్కించి చెప్పి, నలునకు అక్షహృదయము నుపదేశించిన కథ మీ రెరిగినదే. లెక్క తెలిసినవానికే పాచిక మర్మము తెలియునని ఆ కథ తాత్పర్యముగా నాకు తోచును.

మరి గెలుపంతయు చీటియేనా? కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు సయ్యద్ అబ్దుల్ రహీంగారి శిక్షణలో 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకొనెను. అయిదు తుదిపోటీలను మాత్రమే తీసికొని, ఇరుపక్షములు సమానమనుకొన్నను, అన్నియు గెలుచుట 32లో ఒకమారు. ఏటేట నాలుగేసి ఆటలు గెలువవలెనని పెట్టుకొన్నచో పది లక్షలకు పైబడిన వానిలో ఒకమారు. అంతటి దానిని చీటికి కట్టబెట్టుట న్యాయము కాదు. అది సాధన ఫలమే. ఆ రహీంగారు తీర్చిన భారత జట్టే 1962లో జకార్తాలో కొరియా జట్టును 2–1 గోలులతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకము తెచ్చెను. ఒక ఆట తీర్పు చెప్పలేదు. అనేక సంవత్సరముల ఆట చెప్పును. ఆళ్లగడ్డ శిల్పిని ఒక్క ఉలిదెబ్బ చూచి మెచ్చుట గాని తెగడుట గాని ఎవరును చేయరు గదా!

ఇక పందెము మాట. చేతిఫోనులలోనే పందెములు కాయు దినములివి. నూరేసి రూపాయల పందెములు ఇరువది కట్టి, సగము గెలిచి సగము ఓడినవానికి లాభనష్టములు లేవని తోచును. కాని గెలిచిన ప్రతిమారు నడుమవాడు అయిదు రూపాయలు మినహాయించుకొన్నచో, పదిమార్లకు ఏబది రూపాయలు పోయినట్లే. ఆట ఎవరు గెలిచినను నష్టపడనివాడు ఆ నడుమవాడొక్కడే. కుండలోని చీట్లు రేపటి విజేతను చెప్పలేవు. ఎంత తెలియదో మాత్రము చెప్పును. ఆ మాట పందెగానికి చెవినిల్లు కట్టుకొని చెప్పవలసినది.

కావున పెద్దలకు నా మనవి మూడు మాటలు. తుదిపోటీని ఒక్క ఆటతో ముగింపక మూడింట రెండు గెలిచినవారికి బహుమాన మిండు. మేటి జట్టు గెలుపు వెయ్యింట 600 నుండి 648కి పెరుగును. ఎవరు ఎవరితో ఆడవలెనో అందరి ఎదుట చీటితోనే తేల్పుడు. ఓడి వచ్చిన పిల్లలకు ఆ రాత్రి కడుపునిండ అన్నము పెట్టి, మరునాడు మైదానమునకు పంపుడు. వారి యోగ్యత ఏండ్లమీద తేలవలసినది. సెలవు.