కార్ నికోబార్‌లో రెండేండ్ల కొలువు
(భూపాలపల్లిలో సంఘస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



అండమాన్, నికోబార్ దీవులలో పని ఉన్నదని పిలుస్తున్నారు, పోవచ్చునా అని మన యువకులు కొందరు అడుగుతున్నారట. నేను 2008 నుండి 2010 వరకు కార్ నికోబార్‌లో ఒక నిర్మాణ పనిలో స్టోర్ కీపరుగా ఉన్నాను గనుక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వక్తను కాను. సిమెంటు బస్తాలు, ఇనుప కడ్డీలు లెక్కపెట్టినవాడిని. చూచినది చూచినట్టు మనవి చేస్తాను.

ముందుగా ఆ దీవులు ఎక్కడున్నవో తెలుసుకుందాము. విశాఖపట్నం నుండిగాని, చెన్నై నుండిగాని తూర్పుగా సుమారు 1,200 కిలోమీటర్లు పోతే అండమాన్ రాజధాని వస్తుంది. మనమందరం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఆ పట్నానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఓడలో పోతే దాదాపు మూడు రోజులు. అక్కడినుండి దక్షిణంగా మరొక 270 కిలోమీటర్లు పోవాలి. మధ్యలో పది డిగ్రీల కాలువ అనే సముద్రపు పాయ ఒకటి ఉన్నది. కాలువ అన్నారు గదా అని మన వాగులాగా అనుకోవద్దు. వెడల్పే నూట యాభై కిలోమీటర్లు ఉంటుంది. వానకాలంలో దాన్ని దాటిన రాత్రి ఓడలో అన్నం ముట్టినవారు తక్కువ.

కార్ నికోబార్ చిన్న దీవి. 127 చదరపు కిలోమీటర్లు. మన మండలాలలో చాలా వాటికంటె చిన్నది. కొండలు లేవు, బల్లపరుపు నేల, చుట్టూ కొబ్బరి తోటలు. 2011 జనాభా లెక్కల ప్రకారం 17,841 మంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది నికోబారీలు, ప్రభుత్వం గుర్తించిన గిరిజనులు.

మన పెద్దలకు అండమాన్ అంటే ద్వీపాంతరవాసమే. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు మాట వింటేనే వణుకు. రంప పితూరీల ఖైదీలను కూడా ఆ దీవులకే పంపారు. నేను పోతున్నానని తెలిసి మా మేనత్త “ఏం తప్పు చేసినవు బిడ్డా?” అని అడిగింది. కాలం మారినది. 2011 లెక్కలలో ఆ దీవులన్నిటి జనాభాలో సుమారు 13 శాతం మంది తెలుగు మాట్లాడేవారే. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి చేపల వేటకు, కూలికి పోయి స్థిరపడ్డవారు. రాజధాని బజారులో చేపలమ్మే తల్లి మన భాషలో బేరమాడుతుంటే సగం బెంగ అక్కడే తీరిపోయింది. కాని కార్ నికోబార్ వేరు. అక్కడ మనవారు కొద్దిమందే.

నేను అక్కడికి పోవడానికి కారణం 2004 డిసెంబరు 26. ఆ ఉదయం వచ్చిన సునామీలో అండమాన్, నికోబార్ దీవులలో సుమారు మూడున్నర వేలమంది చనిపోయారు, లేదా గల్లంతయ్యారు. కార్ నికోబార్‌లోని వైమానిక దళ స్థావరంలోనే ఉద్యోగులు, వారి కుటుంబీకులు కలిసి వందమందికి పైగా పోయారు. తీరాన ఉన్న గ్రామాలు తుడిచిపెట్టుకు పోయినవి. మిగిలినవారు లోపలి మెరకకు చేరారు. మొదట రేకుల షెడ్లు వేశారు. తరువాత దీవులన్నిటిలో కలిపి తొమ్మిది వేలకు పైగా శాశ్వత గృహాలు కట్టడానికి ప్రభుత్వం పూనుకున్నది. అందుకొరకు దేశం నలుమూలలనుండి మేస్త్రీలు, వెల్డర్లు, కూలీలు పోయారు. అందులో నేనొకణ్ణి.

యువకులు గమనించవలసిన మొదటి సంగతి ఇది. నికోబార్‌కు ఎవరంటే వారు పోలేరు. 1956లో వచ్చిన ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం పాసు ఉండాలి. పాసులో ఏ దీవి, ఎన్నాళ్ళు అని రాసి ఉంటుంది. గడువు తీరితే తిరిగి రాయించుకోవాలి, లేదా ఓడ ఎక్కాలి. బయటివాడు అక్కడ గజం భూమి కూడా కొనలేడు. ఇది మనకు కొత్త కాదు. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉన్నది గదా. ఏజెన్సీ అడవులలో కోయవారి భూమికి ఆ చట్టం ఎట్లా కంచెగా ఉన్నదో, అక్కడ ఈ నిబంధన అట్లా ఉన్నది. కొందరు మేస్త్రీలు “ఇదేమి ఆటంకం?” అని విసుక్కునేవారు. కంచె చేను కొరకే గాని బాటసారి కొరకు కాదని మా వెల్డరొకడు అన్న మాట నాకిప్పటికీ గుర్తు.

ఇక దినచర్య. మన దేశమంతటికీ గడియారం ఒక్కటే. సూర్యుడు మాత్రం అక్కడ మనకంటె యాభై నిమిషాలు ముందుగా వస్తాడు. అయిదు గంటలకే తెల్లగా తెల్లవారుతుంది. చలికాలంలో సాయంత్రం అయిదు దాటితే దీపం పెట్టాలి. పని పెందలాడే మొదలుపెట్టేవాళ్ళం. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన. మన ప్రాంతపు వానకు అది రెండింతలకు మించినది. నైరుతి వాన ఆగిందనుకునే లోపల ఈశాన్యపు వాన అందుకుంటుంది.

ఈ వానలో స్టోర్ కీపరు పని కత్తిమీద సాము. గాలిలోని తేమకే సిమెంటు బస్తాలోనే గడ్డకడుతుంది. నేలమీద పెట్టకూడదు, గోడకు ఆనించకూడదు, చెక్కలమీద పేర్చి టార్పాలిన్ కప్పాలి. ముందు వచ్చిన బస్తా ముందు పోవాలి. ఉప్పుగాలికి ఇనుము వారాలలోనే ఎర్రబారుతుంది. ఆ దీవి పగడపు దిబ్బ. ఒడ్డున తెల్లని ఇసుక కనబడుతుంది గాని, ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది. కాంక్రీటులో కలిపితే లోపలి ఇనుమును తినేస్తుంది. అందుచేత ఇసుక, కంకర, కడ్డీ, రేకు, మేకు అన్నీ ఓడమీదనే రావాలి. సముద్రం పోటెత్తితే ఓడ రాదు. ఓడ రాకపోతే పని లేదు.

నీరు కూడా అంతే. కార్ నికోబార్‌లో చెప్పుకోదగ్గ నది లేదు. పగడపు రాతిలోకి ఇంకిన వాననీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బావిలో ఎక్కువగా తోడితే కిందనుండి ఉప్పు పైకి వస్తుంది. సునామీ తరువాత చాలా బావులు చెడిపోయినవి. నీళ్ళు పొదుపుగా వాడటం అంటే ఏమిటో అక్కడ నేర్చుకున్నాము.

తిండి సంగతి తల్లులు అడుగుతారు. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఉంటే భాగ్యమే. కూరగాయల ఓడ ఆలస్యమైన వారాలలో మా తెలుగువాళ్ళను కాపాడింది చింతపండు. పచ్చిపులుసుకు పొయ్యి కూడా అక్కరలేదు గదా. ఇంటినుండి తెచ్చిన చింతపండు, ఎండుమిరపకాయ, మామిడికాయ తొక్కు బంగారంతో సమానం. చేపలు, కొబ్బరి మాత్రం సమృద్ధి. మలేరియా భయం ఉన్నది గనుక దోమతెర లేకుండా ఎవరూ పోవద్దు.

అన్నిటికంటె కష్టమైనది దూరం. మాతో ములుగు వైపు వడ్రంగి ఒకడుండేవాడు. తల్లి పోయిందని ఫోను వచ్చింది. ఆ రోజుల్లో ఫోను కూడా ఉపగ్రహం మీద ఆధారపడి, వాన పడితే తెగిపోయేది. హెలికాప్టరులో చోటు లేదు, ఓడ నాలుగు రోజులకు గాని లేదు. అతడు ఇల్లు చేరేసరికి పదోనాటి కార్యం కూడా అయిపోయింది. ఆ రాత్రి నికోబారీ ముసలమ్మ ఒకామె మా షెడ్డుకు వచ్చి, మాట రాకపోయినా, అతని పక్కన చాలాసేపు కూర్చున్నది. ఆమె సునామీలో ఎవరెవరిని పోగొట్టుకున్నదో మాకు తెలుసు. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి సముద్రం అడుగున కేబులు వేసి ఈ దీవులను కలిపిన తరువాత మాట్లాడుకోవడం సులువైనది. మాట చేరుతుంది గాని, మనిషి చేరడం ఇప్పటికీ ఓడ దయమీదనే ఉన్నది. ఇంట్లో మంచాన పడ్డ తల్లిదండ్రులున్నవారు ఈ సంగతి ఆలోచించుకొని పోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నికోబారీల కుటుంబం మన కుటుంబం వంటిది కాదు. దాన్ని తుహేత్ అంటారు. అనేక గడపలు కలిసిన పెద్ద ఉమ్మడి కుటుంబం. తోట ఉమ్మడి, పందులు ఉమ్మడి, విందు ఉమ్మడి. గ్రామానికి పెద్దను కెప్టెన్ అంటారు. వారి పాత ఇల్లు గుండ్రంగా తేనెపట్టువలె, గుంజలమీద ఎత్తున, గడ్డి కప్పుతో ఉంటుంది. నిచ్చెన ఎక్కి లోపలికి పోవాలి. మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. గాలి, భూకంపం, తేమ అన్నీ తెలిసినవాడు కట్టిన ఇల్లు అది.

మేము కట్టినవి ఇనుప చట్రం, రేకుల కప్పు ఇళ్ళు. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్కటి, వరుసలు వరుసలుగా. భూకంపానికి తట్టుకునేటట్టు లెక్కలు వేసి కట్టినవే. వాటిని తేలిక చేసి మాట్లాడను. రేకుల షెడ్డులో ఏండ్ల తరబడి ఉన్నవారికి ఆ ఇల్లు గొప్ప ఆదరువు. కాని తుహేత్‌ను గదులుగా విడదీసిన ఇల్లు అది. ఒక కెప్టెన్ మా సైటుకు వచ్చి హిందీలో ఒక ప్రశ్న అడిగాడు: “ఈ రేకు చిల్లు పడితే, మీరు పోయిన తరువాత, మేము దేనితో కుట్టాలి? గడ్డి అయితే మా పొలంలో ఉన్నది.” మా ఇంజనీరు చాలాసేపు మాట్లాడలేదు. రెండేండ్లకు వచ్చినవాడికి ఆ ప్రశ్న పుట్టదు. అక్కడే పుట్టి అక్కడే చావవలసినవాడికి పుడుతుంది.

మన దగ్గర చూడండి. అడవి మండలానికి బదిలీ అయితే శిక్ష వేశారంటారు. వచ్చినవాడు తలుపు వెనుక కేలెండరు పెట్టుకొని రోజులు కొట్టేస్తుంటాడు. పిల్లవానికి అక్షరం రాకపోయినా అతనికి బదిలీ వస్తే చాలు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇండ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. హెలికాప్టర్లు వచ్చినవి, సహాయం చేసే చేతులు వచ్చినవి. వారికి మనం కృతజ్ఞులం. అయితే వాగు ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలిగినవాడు ఆ ఊరి ముసలివాడే. అతణ్ణి అడగకుండా గోడ కడితే, ఆ గోడ ఎవరి కొరకు?

కొద్దికాలం ఉండటం తప్పు కాదు. ప్రభుత్వ కొలువులన్నీ అటువంటివే. ఎట్లా ఉన్నామన్నదే ముఖ్యం. కార్ నికోబార్‌కు 1890లలో మద్రాసు వైపునుండి వేదప్పన్ సాలొమోను అనే ఉపదేశి పోయాడు. అప్పుడు వారానికి ఓడలు లేవు, ఫోను లేదు. పదేండ్లకు పైగా ఉండి, బడి పెట్టి, వారి భాష నేర్చుకున్నాడు. ఆయన చేరదీసి మాండలేకు చదువుకు పంపిన పిల్లవాడే తరువాత బిషప్ జాన్ రిచర్డ్‌సన్ అయ్యాడు. ఆయన తన భాషలోకి కొత్త నిబంధన తెచ్చాడు, మొదటి లోక్‌సభలో ఆ దీవుల తరఫున నియమిత సభ్యుడుగా కూర్చున్నాడు, 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ పొందాడు, 1978లో కన్నుమూశాడు. మన పొరుగున ఉన్న డోర్నకల్‌కు కూడా 1909లో తమిళ దేశంనుండి అజరయ్యగారు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1945లో అక్కడే మట్టిలో కలిశారు. అందరమూ అంతకాలం ఉండలేము. కాని రెండేండ్లలో రెండు వందల మాటలు నేర్చుకోవచ్చును. ఆదివారం వారు పని మానితే మనం మిషను ఆపవచ్చును. వారి కొబ్బరిచెట్టు కొట్టేముందు అడగవచ్చును. సునామీలో పోయిన తోటకు బదులు నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేండ్లు పడుతుంది. మన పాసు గడువుకంటె ఆ చెట్టు వయస్సు ఎక్కువ.

ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, గ్రేట్ నికోబార్‌లో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టడానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. సుమారు 72,000 కోట్ల పని అన్నారు. అది షోంపెన్‌లు, నికోబారీలు ఉండే అడవి దీవి. ఆ పని తగునా తగదా అని దేశంలో వాదం నడుస్తున్నది. పని సాగితే మాత్రం మేస్త్రీలను, డ్రైవర్లను, వెల్డర్లను పిలుస్తారు. మన బిడ్డలు కూడా పోతారు. గని పనికి అలవాటుపడ్డ చేతులు మనవి, ఎక్కడైనా నిలబడతారు.

పోయేవారికి నా మనవి నాలుగు మాటలలో చెబుతాను. పాసు, జీతం, తిరుగు ప్రయాణపు ఖర్చు కాగితంమీద రాయించుకొని పోండి. నాకు తెలిసిన కూలీలు కొందరు నోటిమాట నమ్మి, తిరుగు ఓడ టిక్కెట్టుకు అప్పు చేశారు. ఇంటికి ప్రతినెలా డబ్బు పంపండి, చేతిలో ఉంచుకోవద్దు. సారాయికి దూరంగా ఉండండి, దీవిలో సాయంత్రాలు చాలా పొడుగు. నాలుగవది, అక్కడివారిని జంగలీ అని ఎవరైనా అంటే మీరు ఆ మాట అనవద్దు. వారు తమ ఇంట్లో ఉన్నారు, అతిథులం మనం.

మిగిలిన మనకు కూడా ఒక పని ఉన్నది. మన ఊళ్ళకు రెండేండ్లకని వచ్చే టీచరమ్మను, నర్సమ్మను, ఒరిస్సానుండి వచ్చిన ఇటుకబట్టీ కూలీని మనం పేరు పెట్టి పిలుస్తున్నామా? ఒక పూట అన్నం పెడుతున్నామా? ఆ వడ్రంగి పక్కన కూర్చున్న ముసలమ్మకు తెలుగు రాదు, అతనికి ఆమె భాష రాదు. అయినా అతడు ఇంటికి పోయి వచ్చి, మిగిలిన పది నెలల పని పూర్తిచేశాడు. పోయే ముందు ఆ ఇంటికి ఒక బల్ల చేసి ఇచ్చాడు. కూలి తీసుకోలేదు.