మాగిన మాట

పట్టము పుచ్చుకొన్న చిరంజీవులారా, నలువది యేండ్లుగా ఊరూర వేదికపై ఒంటరిగా నిలిచి జనులను నవ్వించుటయే జీవికగా బ్రతికినవాడను. నాకు తెలిసిన విద్య అదొక్కటియే గావున దానిని గూర్చియే ముచ్చటించెదను.

నేడు మీరు స్టాండప్ కామెడీ యనుచున్నది మనకు క్రొత్తది కాదు. ఖాకీ దుస్తులు తొడిగి, కట్టె తుపాకిని భుజాన వేసికొని, తనకు లేని సిరిసంపదలను ఏకరువు పెట్టుచు తెలంగాణపు వీథులలో తిరిగిన పిట్టలదొర యేమి, బుఱ్ఱకథలో కథకుని ప్రక్కన నిలిచి హాస్యము పలికిన వంతగాడేమి, 1932లో వరంగల్లున జన్మించి, ఒక్క గొంతులో వేయి గొంతులు పలికించి, 1971లో ఐక్యరాజ్యసమితిలో సైతము ధ్వన్యనుకరణ ప్రదర్శన యిచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ గారేమి, వీరందఱును నోటిమాటనే పెట్టుబడిగా నిలిచినవారు.

నా తొలిదినములలో సంతనాటి బస్సు అను అంశమొకటి చేయుచుంటిని. ఒడిలో కోడిపెట్టతో కూర్చున్న అవ్వను కండక్టరు ఆ కోడికి కూడ టిక్కెట్టడుగును. “ముందు దానికి సీటు చూపించు నాయనా, తరవాత టిక్కెట్టడుగు” అని అవ్వ బదులు చెప్పును. అంతియే అంశము. ఒక పల్లెలో రామాలయము ముంగిట, పెట్రోమాక్సు వెలుతురులో, దీనిని గుక్కతిప్పుకొనక అప్పగించితిని. ఒక్కరును నవ్వలేదు. జనము లేచిపోయిన పిదప చాపలు చుట్టుచున్న వృద్ధుడొకడు నా వంక చూచి, “అబ్బాయ్, అవ్వ కోడి మొగం చూడనే లేదే? చూశాక గదా ఆ మాట వచ్చేది” అనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మఱునాటినుండి నా అవ్వ కండక్టరును చూచును, కోడిని చూచును, మరల కండక్టరును చూచును. ఆ పిమ్మట గాని నోరు విప్పదు. ఆ మౌనము ఎంతసేపుండవలెనో, నడుమ కోడి ఒకమారు కూయవలెనో వలదో, అవ్వ కొంగు సవరించుకొనుట మాటకు ముందో వెనుకనో తేలుటకు మూడేండ్లు పట్టెను. భరతముని నాట్యశాస్త్రమున స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వునకు ఆఱు భేదములు చెప్పెను. అవ్వ కోడి మొగము చూచుచున్నంతసేపు సభ స్మితమునందే యుండును. మాట పడిన తోడనే కప్పులెగురును. ఆ స్మితమును నిలిపి యుంచుటయే మా విద్యలోని కష్టమంతయు.

ఇక నా దిగులు చెప్పెదను. నాయొద్దకు నేర్చుకొనవచ్చు పిల్లలు అంశము నొకదానిని వారము దినములు వల్లించి, ఫోనులో పట్టి, సాయంకాలమునకు లోకముమీదికి వదలి, తెల్లవారి లేచి చూచినవారి లెక్క చూచుకొందురు. కొద్దిమంది చూచిరా, అంశము పనికిరాదని పాఱవేయుదురు. వేలమంది చూచిరా, అందఱును చూచినదే గదా యని మరల ముట్టరు. ఎటులైనను అది మాగదు. గడ్డిలో పెట్టిన మామిడికాయ తనంత తాను మెత్తబడువఱకు ఓపికపట్టు ఇండ్లలో పుట్టి, కార్బైడు వేసిన కాయవలె పైకి పసుపై లోపల పులుపై మిగులుదురేమర్రా! ఎవరు తరుముచున్నారు మిమ్ము? చదువుకై తండ్రి చేసిన అప్పు తరుముచున్నదందురా, అది నేనెఱుగుదును, నా యింటను అప్పుండెను. అప్పు తీర్చుటకు జీతము తొందరగా కావలెను, నిజమే. పేరు కూడ అంత తొందరగా కావలెనని ఏ అప్పులవాడడిగెను? వంతెన కట్టువాడైనను, రోగిని చూచువాడైనను, బడిలో పాఠము చెప్పువాడైనను, ఎవరి కంటను పడక నాలుగేండ్లు తప్పులు చేసి దిద్దుకొను చోటు లేకున్నచో చేయి తిరుగుట ఎట్లు? నాకు ఆ పల్లెలు దొరికినవి. మీకు ఆ చోటు మిగులదేమో యన్నదే నా భయము.

కావున బిడ్డలారా, మొదటి కొలువు ఏ మాఱుమూల ఊరిలో దొరికినను చిన్నబుచ్చుకొనక వెళ్లుడు. పని ముగిసి అందఱును లేచిపోయిన పిదప, చాపలు చుట్టుచున్న మనిషి యొకడు అక్కడ తప్పక యుండును. ఎక్కడ తప్పితినని అతనిని అడుగుడు.