ఆరు ప్రశ్నలు - ఒక కాగితం



కొత్తగా చేరిన విలేకరికి పత్రికలవాళ్లు ముందుగా నేర్పే ఇంగ్లీషు మాట ఒకటుంది: 'ఫైవ్ డబ్ల్యూస్ అండ్ వన్ హెచ్'. అంటే ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. ఈ ఆరింటికీ జవాబు దొరికాకే వార్త రాయాలి.

మాట ఇంగ్లీషుదే గాని పద్ధతి మనకు కొత్త కాదు. నమ్మదగని మనిషి వార్త తెస్తే బాగా విచారించుకోమని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తోంది. హదీసు వేత్తలు ప్రతి మాటనూ ఎవరు చెప్పారు, వారు ఎవరి దగ్గర విన్నారు అని అడిగి, ఆ వరుసంతా పేర్లతో సహా రాసి పెట్టారు. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోమని సూరా బఖరా 282వ ఆయత్ చెబుతోంది.

మనం ఏం చేశాం? ఒక రంజాన్‌లో పసిబిడ్డ గుండె ఆపరేషన్ కోసమని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూసి చందాలు పోగుచేశాం. తీరా ఫోన్ చేస్తే, ఆ మెసేజ్ ఏళ్లనాటిది. ఎవరు, ఏమిటి అన్నీ ఉన్నాయి, 'ఎప్పుడు' ఒక్కటే లేదు.

ఆ భయంతో మరుసటి ఏడాది పెద్ద ఫారం తయారుచేశాం. కూతురి ఇంటర్ ఫీజు కోసం ఒక వితంతువు వచ్చింది. ఐదుగురం కూర్చుని, మీ అన్నదమ్ములు ఎందుకు చూడటం లేదమ్మా అని అడిగాం. ఆమె ఫారం మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ పిల్ల చదువు ఆ ఏడాది ఆగిపోయింది. ఆ ఐదుగురిలో నేనూ ఒకణ్ణి.

అడగటానికి సిగ్గుపడే పేదలను, తెలియనివారు కలిగినవారనుకుంటారని అదే బఖరా సూరా 273వ ఆయత్ హెచ్చరిస్తోంది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్న పౌరుణ్ణి 'నీకెందుకు' అని అధికారి అడగకూడదు. సమాచారం వేరు, సాయం వేరు, నిజమే. అయినా అక్కర్లేని 'ఎందుకు' మనిషిని గాయపరుస్తుందన్న ఎరుక మనకూ ఉండాలి.

కాబట్టి నా మనవి ఇది. ముందు కాగితాన్ని అడుగుదాం. కాలేజీ ఫీజు చీటీ, ఆసుపత్రి అంచనా చూసి, డబ్బు నేరుగా అక్కడే కడదాం. మనిషిని అడగాల్సి వస్తే ఒక్కరే, ఆడవారినైతే మన సోదరీమణులే, ఇంటికి వెళ్లి అడగాలి.

ఆరు ప్రశ్నలూ పూర్తిగా వేయాల్సింది మనకు మనమే. ఎవరికిచ్చాం, ఎంత, ఎప్పుడు, సూరా తౌబా 60వ ఆయత్‌లోని ఎనిమిది పద్దుల్లో దేనికింద, కాదన్నవారిని ఎందుకు కాదన్నాం - అన్నీ రాసి సంతకం చేయాలి. మన జంగారెడ్డిగూడెం పొగాకు వేలంలో ప్రతి బేలుకూ బరువు, ధర రాస్తారు. జకాత్ రూపాయికి ఆపాటి లెక్క ఉండొద్దా?

దాతలారా, రాతపూర్వకంగా మమ్మల్ని అడగండి. రాతలోనే జవాబివ్వడం మా బాధ్యత. అడిగే తీరులో అల్లాహ్ మనందరికీ న్యాయాన్నీ, మర్యాదనూ ప్రసాదించుగాక. ఆమీన్.