లేని ధాన్యముతో నిండిన గాదె

నేను బడిలో వ్యాకరణము చెప్పినవాఁడను, వర్తకము నెఱుఁగను. అయినను 2009 జనవరిలో మా రచ్చబండపై నొక వృద్ధ కర్షకుఁ డడిగిన ప్రశ్న నన్ను నేఁటికిని వదలలేదు. సత్యం కంప్యూటర్సు వార్త పత్రికలో చదివి వినిపించితిని. అంతట నాయన "పంతులుగారూ, నిన్నటిదాఁక ఉన్న వేలకోట్లు ఒక్కపూటలో ఎవరెత్తుకుపోయారండీ?" అనెను.

ఆ సంస్థను 1987లో హైదరాబాదున స్థాపించినవారు బి. రామలింగరాజుగారు. ఏఁబదివేలకు పైఁబడిన ఉద్యోగులతో అది తెలుగువారికి గర్వకారణమై యుండెను. షేరనఁగా నట్టి సంస్థలో నొక పాలు. సంస్థ ప్రకటించు లెక్కలను నమ్మి జనులు దానికి వెల కట్టుదురు.

ఆ లెక్కలలో లాభము నున్నదానికంటె నెక్కువగా వ్రాసిరి. ఒకమాఱు పెంచినదానిని మరల తగ్గించిన నడుగువారుందురు; కావున మఱికొంత పెంచిరి. లాభము వ్రాసినచో సొమ్మెక్కడనో కనఁబడవలయును గదా! బ్యాంకులో నున్నదని వ్రాసిరి. 2008 సెప్టెంబరు చివరి లెక్కలో 5,361 కోట్ల రూపాయల నగదు చూపఁగా, అందు 5,040 కోట్లు లేనేలేవని పిదప రాజుగారే లేఖలో నొప్పుకొనిరి. గాదె నిండినదని కరణము వ్రాసె ననుకొనుఁడు. మూఁత తీసి చేయి పెట్టి చూచినవాఁడు లేఁడు. ఆడిటర్లు ఏటేట సంతకము చేయుచునే యుండిరి. నిల్వ యెంతయో నేరుగా బ్యాంకునే యడిగి సరిచూచిన నిజము బయటపడెడిది. ఈ సంగతి నాకిప్పటికిని మ్రింగుడుపడదు.

2008 డిసెంబరు 16న తమ కుటుంబమునకుఁ జెందిన మేటాస్ సంస్థలు రెంటిని 160 కోట్ల డాలర్లకు సత్యముచేత కొనిపింపఁబూనిరి. (సత్యమను పేరును ఆంగ్లాక్షరములలో వెనుకనుండి చదివిన మేటాస్ యగును.) లేని నగదుకు మాఱుగా నిజమైన యాస్తిని గాదెలో నింపుటయే యందలి యుపాయము. వాటాదారులు మండిపడఁగా గంటలలోనే విరమించిరి. మఱునాఁడు షేరు సుమారు నూటికి ముప్పది వంతులు పడెను. తమ సొమ్ము పరుల పాలగుచున్నదని బజారు కోపించినది గాని, ఆ సొమ్మే లేదని దానికింకను తెలియదు!

2009 జనవరి 7న లేఖ వెలువడెను. పులిపై స్వారి చేయువాఁడు దిగలేని చందమైనదని రాజుగారందులో వాపోయిరి. ముందునాఁడు 179 రూపాయల ప్రాంతమున నున్న షేరు సాయంకాలమునకు నలువదికి దిగెను. మఱుసటి వ్యాపారదినమున నొకదశలో పండ్రెండుకంటెను తక్కువయ్యెను. ఆ 7వ తేదీననే సెన్సెక్సు సుమారు 750 పాయింట్లు పడెను. ఒక గాదె వట్టిదని తేలినంతనే పొరుగు గాదెలనుగూడ శంకించిరి.

కర్షకునితో నేనిట్లంటిని: "అయ్యా, సంస్థ చూపిన యా సొమ్ము నిన్న పోలేదు, ఎన్నఁడును లేదు. పోయినది 179 యిచ్చి కొన్నవాని సొమ్ము. అది వానికమ్మినవాని చేతికి నిన్నటికి మునుపే చేరినది." ఆయన యూరకుండి, "అమ్మినవాఁడికి తెలిసి అమ్మాడా, తెలియక అమ్మాడా?" అనెను. అందఱి సంగతి నేనెట్లు చెప్పఁగలను?

సర్కారు పాత డైరెక్టర్లను తొలఁగించి క్రొత్తవారిని నియమించెను. లెక్కలు కల్లలైనను ఉద్యోగులు చేయు పని నిజము గనుక కొనువాఁడు దొరకెను: 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయల చొప్పున కొనెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రాజుగారికిని మఱి తొమ్మండుగురికిని శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొనఁగా మఱుసటి నెలలోనే యా శిక్ష నిలుపఁబడెను.